పాత కారుకి కొత్త హామీ: లెక్క ఎవరిది, సంతకం ఎవరిది?

(మహిళా సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆస్తి హక్కు, గృహహింస చట్టం, కనీస వేతనాల గురించి పొద్దున్నించీ మాట్లాడుకున్న ఈ సభలో, పాత కారుకి ఎక్స్‌టెండెడ్ వారంటీ కొనాలా వద్దా అన్న ప్రశ్న వినగానే కొందరు నవ్వారు. నవ్వు సహజమే. కారు అనగానే మనకి మగవాళ్ల కబుర్లు గుర్తొస్తాయి, లేదా డబ్బున్నవాళ్ల బాధలు గుర్తొస్తాయి. కానీ ఈ ప్రశ్న నాకు ఒక కారు షోరూంలో ఎదురు కాలేదు. మన సహాయ కేంద్రం కార్యవర్గ సమావేశంలో వచ్చింది. మూడు సమావేశాలు గడిచినా తేలలేదు. కోశాధికారి కొనాలన్నారు. ఫీల్డు వర్కర్లు అక్కర్లేదన్నారు. కౌన్సెలర్‌గా పనిచేసే అమ్మాయి మాత్రం ఒకటే అడిగింది: "అక్కా, ఈ డబ్బు కడితే ఇక రాత్రిపూట దారిలో ఆగిపోదా?"

ఆ ప్రశ్నకి జవాబు చెప్పాలంటే చాలా విషయాలు విడదీసి చూడాలి. అవి చూసే పద్ధతి మనందరికీ పనికొస్తుందని ఈ ప్రసంగానికి ఒప్పుకున్నాను.

కారు ఏం చేస్తోందో ముందు చూద్దాం. కేంద్రం కారు 2016లో కొన్నది, చిన్న పెట్రోలు బండి. 92,000 కిలోమీటర్లు తిరిగింది. కాలిన గాయాలతో ఉన్న మనిషిని జిల్లా ఆసుపత్రికి చేర్చేది అదే. అత్తింటి నుంచి కట్టుబట్టలతో బయటికొచ్చిన అమ్మాయినీ, పిల్లల్నీ షెల్టర్ హోంకి తీసుకెళ్లేది అదే. కోర్టు వాయిదాకి సాక్షిని తెచ్చేదీ, దింపేదీ అదే. చివరి బస్సు ఎనిమిదింటికి వెళ్లిపోయే ఊళ్లలో ఆ కారు స్త్రీల సంచార హక్కుకి ఉన్న ఒకే ఒక ఆధారం. ఆ బండి ఆగిపోతే మరమ్మతు బిల్లు ఒక్కటే నష్టం కాదు. ఒక వాయిదా తప్పిపోతుంది, ఒక వాంగ్మూలం ఆలస్యమవుతుంది, బయటికి రావటానికి తెగించిన మనిషి మళ్లీ లోపలికి వెళ్లిపోతుంది. కనక ఇది ఆస్తి గురించిన ప్రశ్న కాదు, ఆధారం గురించిన ప్రశ్న.

ఇప్పుడు అమ్ముతున్నదేమిటో చూద్దాం. మనవాళ్లు చాలామంది వారంటీని, ఇన్సూరెన్సుని కలిపేసి మాట్లాడుతుంటారు. "ఇన్సూరెన్సుంది కదా" అంటారు. 1988 మోటారు వాహనాల చట్టం తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ ఇన్సూరెన్సుని. అంటే మన బండి వల్ల ఇతరులకి జరిగే నష్టానికి. దానిమీద ఇంకొంత కట్టి తీసుకునే సమగ్ర పాలసీ ప్రమాదం, దొంగతనం, నిప్పు, వరద లాంటి వాటిలో మన బండికి జరిగే నష్టాన్ని భరిస్తుంది. ఐతే మామూలు పాలసీలో అరుగుదలా, యంత్రం తనంతట తాను చెడిపోవటమూ ఉండవని స్పష్టంగా రాసే ఉంటుంది. గేర్ బాక్స్ చెడిపోతే ఇన్సూరెన్స్ కంపెనీకి సంబంధం లేదు. ఆ ఖాళీలోకి వచ్చిందే వారంటీ.

వారంటీలోనూ మూడు రకాలున్నాయి. ఒకటి, కారు తయారుచేసిన కంపెనీ కొత్తబండితో ఇచ్చేది. రెండోది, ఆ గడువు తీరకముందే డబ్బు కట్టి అదే కంపెనీ దగ్గర పొడిగించుకునేది. ఉదాహరణకి 2024 జూలైలో మారుతి సుజుకి తన మామూలు వారంటీని రెండేళ్ల నుంచి మూడేళ్లకి, 40,000 కిలోమీటర్ల నుంచి 1,00,000 కిలోమీటర్లకి పెంచింది. డబ్బు కట్టి పొడిగించుకుంటే ఆరేళ్లు, 1,60,000 కిలోమీటర్ల దాకా వెళ్లొచ్చని ప్రకటించింది. రెంటిలో ఏది ముందు వస్తే అదే హద్దు. మూడో రకం, కంపెనీతో సంబంధం లేని ఇంకెవరో, పాతకార్లు అమ్మేవాళ్లో, వారంటీలు మాత్రమే అమ్మే సంస్థలో ఇచ్చే హామీ. ఆరేళ్లు దాటిన బండికి సాధారణంగా దొరికేది ఈ మూడో రకమే. పేరు మూడింటికీ వారంటీయే. కానీ మొదటిది తయారీదారు తన సరుకు మీద తాను ఇచ్చే మాట. మూడోది మనం డబ్బిచ్చి కొనుక్కునే ఒక సేవా ఒప్పందం. ఈ తేడాని పేరు కప్పేస్తుంది.

1970లో జార్జ్ అకర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త పాతకార్ల బజారు మీద ఒక వ్యాసం రాశాడు. తర్వాత 2001లో ఆయనకి నోబెల్ బహుమతి రావటానికి ఆ ఆలోచనే ముఖ్యకారణం. అమ్మేవాడికి బండి గుట్టు తెలుసు, కొనేవాళ్లకి తెలియదు. ఈ అసమానత వల్ల మంచి బండి, చెడ్డ బండి ఒకే ధర పలుకుతాయి. చివరికి మంచి బండ్లు బజారు నుంచి తప్పుకుంటాయి. హామీ అనేది ఈ అసమానతకి ఒక విరుగుడు అని ఆయన వాదన. సరుకు మీద నమ్మకం ఉన్నవాడే హామీ ఇస్తాడు కదా. మొదటి రకం వారంటీకి ఇది చక్కగా వర్తిస్తుంది. మూడో రకానికి వచ్చేసరికి తెలివితేటల అసమానత ఇంకో చోటికి మారుతుంది. అక్కడ బండి గుట్టు కాదు, ఒప్పందం గుట్టు అమ్మేవాడి దగ్గరుంటుంది.

మాకు వచ్చిన ఒప్పందాన్ని నేను పూర్తిగా చదివాను. ఏది వర్తిస్తుందో చెప్పేది అర పేజీ. ఏది వర్తించదో చెప్పేది మూడు పేజీలు. టైర్లు, బ్యాటరీ, బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, రబ్బరు గొట్టాలు, బెల్టులు, అద్దాలు, సీట్లు, ఆయిలు, కూలెంట్ వర్తించవు. ఒప్పందానికి ముందునుంచీ ఉన్న లోపం వర్తించదు. ఆ లోపం ముందునుంచీ ఉందో లేదో తేల్చేది వాళ్ల మనిషే. మొదటి 30 రోజుల్లో వచ్చిన లోపానికి చెల్లింపు లేదు. ఒక క్లెయిముకి గరిష్ఠంగా 40,000 రూపాయలు. ఇంజను విప్పి చూసిన తర్వాత లోపం వర్తించనిదని తేలితే విప్పిన కూలి మనదే. సర్వీసు ప్రతిసారీ గడువులోగా, బిల్లుతో సహా జరిగినట్టు రుజువుండాలి. అద్దెకి తిప్పే బండికి వర్తించదు.

ఇవన్నీ చాలా ఒప్పందాల్లో కనిపించే షరతులే. నన్ను ఆపేసిన వాక్యం వేరే ఉంది. వేడి సూచించే ముల్లు హద్దు దాటిన తర్వాత కూడా బండి నడిపితే, దానివల్ల కలిగిన నష్టం నడిపినవారి నిర్లక్ష్యం కిందికి వస్తుందట. సాంకేతికంగా ఇది సబబే. ఇంజను వేడెక్కినప్పుడు వెంటనే పక్కకి తీసి ఆపెయ్యాలి. ఆపకపోతే సిలిండర్ హెడ్డు వంగిపోతుంది, గాస్కెట్ పోతుంది. ఐదు వందల గొట్టంతో పోయేది ముప్ఫై నలభై వేలకి చేరుతుంది. కానీ ఆ వాక్యం రాసినవాళ్ల మనసులో ఉన్న డ్రైవరు ఎవరు? రాత్రి పదకొండింటికి, మనుషులెవరూ లేని రోడ్డు మీద, వెనక సీట్లో భయపడుతున్న ఒక స్త్రీనీ, ఇద్దరు పిల్లల్నీ పెట్టుకుని బండి పక్కకి తీసి, బానెట్ ఎత్తి, ఇంజను చల్లారేదాకా గంటసేపు నిలబడగలిగిన మనిషి. మన డ్రైవరు ఆపదు. ఊరి దీపాలు కనపడేదాకా నడుపుతుంది. ఒప్పందం భాషలో అది నిర్లక్ష్యం. మన భాషలో అది జాగ్రత్త. చట్టాల్లో, ఒప్పందాల్లో కనిపించే ఆ 'సగటు మనిషి' మగవాడని స్త్రీవాదులు చాలాకాలంగా చెబుతూ వస్తున్నారు. వారంటీ కాగితంలోనూ ఉన్నది అతనే.

ఇక లెక్క. అడిగిన ధర ఏడాదికి 16,500 రూపాయలు. దానిమీద 18 శాతం జీఎస్టీ 2,970. మొత్తం 19,470. కేంద్రం మరమ్మతుల రిజిస్టరు నాలుగేళ్లది తీసి కూర్చున్నాం. నాలుగేళ్లలో బండి మీద పెట్టిన ఖర్చు 78,600. అందులో టైర్లు, బ్యాటరీ, క్లచ్ ప్లేటు, బ్రేకులు, మామూలు సర్వీసులు కలిపి 61,300. ఇవేవీ వారంటీలోకి రావు. వచ్చేవి రెండే: ఆల్టర్నేటర్‌కి 9,800, పెట్రోలు పంపుకి 7,500. కలిపి 17,300. ఇదే ధరకి నాలుగేళ్లూ వారంటీ కొని ఉంటే 77,880 కట్టేవాళ్లం. అంటే డెబ్బై ఎనిమిది వేలు కట్టి, ఒక్క షరతూ అడ్డు రాకపోతే, పదిహేడు వేలు పొందేవాళ్లం.

ఈ లెక్క చూడగానే "వద్దు" అనేయటం తేలిక. కానీ అక్కడితో ఆగకూడదు. ఏ హామీ అయినా సగటు మీద నష్టమే. అమ్మేవాడి జీతాలూ, కమిషనూ, లాభమూ అందులోంచే రావాలి కదా. హామీ కొనేది సగటు సంవత్సరం కోసం కాదు, భరించలేని సంవత్సరం కోసం. గేర్ బాక్స్ పోయి 60,000 బిల్లు వచ్చిన రోజు మన దగ్గర ఆ డబ్బుంటుందా లేదా అన్నదే అసలు ప్రశ్న. ఉంటే వారంటీ అక్కర్లేదు. లేకపోతే వారంటీ ఉపయోగపడవచ్చు. ఐతే మా ఒప్పందం 40,000 దగ్గర ఆగిపోతుంది. భరించలేని సంవత్సరంలో కూడా మూడోవంతు మనమే భరించాలన్నమాట. ప్రమాదం పెద్దదయ్యేకొద్దీ పక్కకి తప్పుకునే హామీ అది.

ఇక్కడ ఆర్థికశాస్త్రం ఇచ్చే సలహా ఒకటుంది. వారంటీకి కట్టే డబ్బుని నెలనెలా విడిగా దాచుకోండి, మీకు మీరే హామీ అవండి అంటారు. నెలకి 1,600 రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే మూడేళ్లలో వడ్డీ కాక 57,600 అవుతుంది. ఏ మరమ్మతూ రాకపోతే డబ్బు మనదే. సలహా మంచిదే. కానీ ఈ సలహా ఒక విషయం చూడదు: ఆ దాచిన డబ్బు ఎవరి అదుపులో ఉంటుంది?

ఇరవై ఏళ్లుగా కుటుంబాల్లో డబ్బు కదలికల గురించి స్త్రీలతో మాట్లాడుతున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. స్త్రీ పేరున దాచిన డబ్బుకి ఇంట్లో హక్కుదార్లు చాలామంది. మరిది ఫీజు, మామగారి కంటి ఆపరేషను, ఆడపడుచు సీమంతం, భర్త వ్యాపారంలో నాలుగు రోజుల సర్దుబాటు. బండి కోసం దాచాను అంటే "బండి ఇప్పుడు నడుస్తోందిగా" అంటారు. అదే డబ్బు ముందే ఎక్కడో కట్టేసి రసీదు తెచ్చుకుంటే దాన్ని ఎవరూ అడగలేరు. చాలామంది స్త్రీలు చీటీలు వేసేదీ, వడ్డీ తక్కువని తెలిసినా పాలసీలు కట్టేదీ ఇందుకే. అది తెలివితక్కువతనం కాదు, తన డబ్బుని తనవాళ్ల నుంచి కాపాడుకోవటం. అందుచేత వారంటీ కొన్న స్త్రీని చూసి మోసపోయిందని అనే ముందు, దాచుకునే హక్కు ఆమెకి నిజంగా ఉందా అని అడగాలి.

సంస్థలకీ ఇలాంటి చిక్కే ఉంది. ప్రాజెక్టు నిధుల్లో వారంటీకి కట్టిన 19,470 ఖర్చుగా రాయొచ్చు. ఆడిటర్ సంతకం పెడతాడు. అదే మొత్తాన్ని మరమ్మతుల కోసం పక్కన పెడితే, ఏడాది చివర అది ఖర్చుకాని నిధి అవుతుంది. చాలా గ్రాంటుల్లో వెనక్కి ఇచ్చెయ్యాలి. కోశాధికారి వారంటీ వైపు మొగ్గటానికి కారణం ఆవిడకి లెక్క తెలియక కాదు. లెక్కల పద్ధతే దాచుకోవటాన్ని శిక్షించి, కొనటాన్ని మెచ్చుకుంటోంది.

ఇప్పుడు బేరం సంగతి. ఇంకో ప్లాను ధర కనుక్కుందామని నేను ఒక షోరూంకి వెళ్లాను. కారు కిలోమీటర్లు, సర్వీసు తేదీలు అన్నీ చెప్పాను. కౌంటరు మీది యువకుడు మర్యాదగానే విని, "సార్‌ని ఒకసారి తీసుకురండి మేడం, వివరంగా చెబుతాం" అన్నాడు. ఏ సారో అతనికీ తెలియదు. దీన్ని వ్యక్తిగత అవమానంగా చెప్పటం లేదు. ఈ మాట వెనక ఒక ధర ఉందని చెబుతున్నాను.

ఆ ధరని కొలిచినవాళ్లున్నారు. ఇయాన్ ఏయర్స్, పీటర్ సీగెల్మన్ అనే పరిశోధకులు షికాగో ప్రాంతంలో కార్ల డీలర్ల దగ్గరికి నల్లవాళ్లనీ తెల్లవాళ్లనీ, స్త్రీలనీ పురుషులనీ పంపారు. అందరికీ ఒకే రకం బేరమాడటం నేర్పారు. 1995లో అచ్చైన వారి ఫలితం ఇదీ: తెల్ల పురుషులకి చెప్పిన ధర కంటే స్త్రీలకీ, నల్లవాళ్లకీ చెప్పిన ధర ఎక్కువ. బేరం ఒకటే, మనిషిని బట్టి ధర మారింది.

అంతకంటే మనకి పనికొచ్చేది ఇంకొకటుంది. మేఘన్ బుస్సే, అయెలెట్ ఇజ్రాయెలీ, ఫ్లోరియన్ జెటెల్‌మేయర్ 2013లో ముందుగా వెలువరించిన అధ్యయనంలో, స్త్రీలతోనూ పురుషులతోనూ మరమ్మతు షాపులకి ఫోన్లు చేయించి, టొయోటా కామ్రీకి రేడియేటర్ మార్చటానికి ఎంతవుతుందని అడిగించారు. ధర గురించి ఏమీ తెలియనట్టు అడిగినప్పుడు స్త్రీలకి పురుషుల కంటే ఎక్కువ చెప్పారు. "ఇంత అవుతుందని విన్నాను" అని సరైన ధర ముందే చెప్పి అడిగితే ఆ తేడా మాయమైంది. ధర తగ్గించమని గట్టిగా అడిగినప్పుడు స్త్రీలకి పురుషుల కంటే ఎక్కువసార్లు తగ్గించారు కూడా.

ఇది చిన్న విషయం కాదు. స్త్రీకి యంత్రాలు తెలియవన్న నమ్మకం వల్ల డబ్బు గుంజుతున్నారు. ఆ నమ్మకాన్ని ఒక్క వాక్యం వమ్ము చేస్తోంది. దానికి మెకానిక్ అవక్కర్లేదు. మన బండిలో ఖరీదైన ఐదారు భాగాల ధరలు, విప్పి బిగించే కూలీ ఒక కాగితం మీద రాసి దగ్గరుంచుకుంటే చాలు. అవి ఒకరికొకరం చెప్పుకుంటే ఇంకా మంచిది. పురుషులకి ఈ సమాచారం టీ కొట్టు దగ్గర ఉచితంగా దొరుకుతోంది. మనకి ఆ టీ కొట్టు లేదు. దాన్ని మనం తయారుచేసుకోవాలి.

చట్టం ఏమంటోందో చూద్దాం. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చింది. 2020 జూలై 20 నుంచి అమల్లో ఉంది. అందులో మనం గుర్తుంచుకోవలసినవి కొన్ని చెబుతాను.

మొదటిది: వినియోగదారు అంటే డబ్బు కట్టినవారు మాత్రమే కాదు. కొన్నవారి అనుమతితో వస్తువుని వాడేవారు, సేవ పొందేవారు కూడా వినియోగదారులే. కారూ, వారంటీ భర్త పేరున ఉన్నా, అతని అనుమతితో నడుపుతున్న భార్య వినియోగదారే. సంతకం ఆయనది కనక మీకు మాట్లాడే అర్హత లేదని ఎవరైనా అంటే ఈ నిర్వచనం చూపించాలి.

రెండోది: వ్యాపారం కోసం కొన్నవి ఈ చట్టం కిందికి రావు. ఐతే స్వయం ఉపాధితో బతుకు గడుపుకోవటానికి మాత్రమే కొన్నది వ్యాపారం కాదు. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లోనే సుప్రీంకోర్టు ఈ తేడా వివరించింది. తానే నడుపుకుని బతికే ఆటో డ్రైవరు అక్కకి ఈ రక్షణ ఉంది.

మూడోది: మీరు ఉంటున్న చోట, లేదా పనిచేస్తున్న చోట ఉన్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. కంపెనీ ఆఫీసు ముంబయిలో ఉన్నా సరే. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వివాదానికి కారణం ఏర్పడిన రోజు నుంచి రెండేళ్లలోగా వేయాలి. అంతకంటే ముందు 1915 నంబరుకి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేయించొచ్చు.

నాలుగోది: 'అన్యాయమైన ఒప్పందం' అన్న భావన ఈ చట్టంలో కొత్తగా వచ్చింది. తగిన కారణం లేకుండా ఒకపక్షమే రద్దు చేసుకునే హక్కు, వినియోగదారుని నష్టపరిచే అసమంజసమైన షరతు దీనికిందికి వస్తాయి. ఒప్పందమే అన్యాయమైనదని ఫిర్యాదు చెయ్యాలంటే రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాలి. ఇంజను వేడెక్కినా బండి ఆపలేని స్త్రీ పరిస్థితిని ఈ నిర్వచనం ముందు పెట్టి వాదించటం మన న్యాయవాద మిత్రులు చేయదగిన పని.

ఇంకొక విషయం. బయట మెకానిక్ చేయి పడితే వారంటీ రద్దవుతుందని భయపెడుతుంటారు. 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద ఇచ్చిన తీర్పులో, విడిభాగాలు బయట దొరక్కుండా చేస్తున్నందుకు మొత్తం 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. దాని మీద అప్పీళ్లు నడిచాయి. ఐతే ఆ తీర్పులో చెప్పిన సూత్రం తెలుసుకోదగ్గది: స్వతంత్ర మెకానిక్ దగ్గర పని చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం పోతుందనే షరతు పెట్టకూడదు, ఆ మెకానిక్ తప్పు వల్ల జరిగిన నష్టం మేరకే నిరాకరించొచ్చు.

మరి కొనాలా, వద్దా? అందరికీ ఒకే జవాబు లేదు. నాకు తెలిసిన ముగ్గురి సంగతి చెబుతాను.

భర్త నుంచి విడిగా ఉంటున్న ఒక టీచరు. కారు మూడేళ్లలోపుది. కంపెనీ పొడిగింపు ఇంకా దొరుకుతోంది. ఊళ్లోనే అధీకృత వర్క్‌షాపు ఉంది. చేతిలో పొదుపు లేదు, దాచినా నిలవదు. ఆమెను కొనమన్నాను. అక్కడ హామీ ఇస్తున్నది తయారీదారే, హద్దులు స్పష్టంగా ఉన్నాయి, డబ్బు కూడా ఇంట్లోవాళ్ల చేతికి చిక్కదు.

పదేళ్ల కారుని ట్యాక్సీగా నడిపే ఒక సభ్యురాలు. ఆమెకి ఫోన్లో వారంటీ అంటగట్టబోయారు. అద్దె బండికి వర్తించదన్న ముక్క మూడో పేజీలో ఉంది. కొని ఉంటే డబ్బు కట్టటమే ఆమె వంతు, పొందటం ఉండేది కాదు. పైగా బండి నిలిచిన రోజుల్లో పోయే కూలి ఏ వారంటీ ఇవ్వదు. ఆమెకి కావలసింది అవసరానికి చేతికందే అప్పు.

మూడోది మన కేంద్రం కారు. వద్దనే తీర్మానించాం. ఐతే "వద్దు" అని ఊరుకోలేదు. కౌన్సెలర్ అమ్మాయి ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది. వారంటీ బండి చెడిపోయాక డబ్బిస్తుంది, అదీ ఇస్తే. దారిలో ఆగకుండా చూడదు. రాత్రి దారిలో బండిని ఆపేవి ఎక్కువగా పాత రబ్బరు గొట్టం, అరిగిన బెల్టు, చచ్చిన బ్యాటరీ, కారిపోయిన కూలెంట్. ఇవన్నీ ఒప్పందం వర్తించదని చెప్పిన జాబితాలోనివే. కనక ఆ 19,470లో 8,000 పెట్టి చల్లబరిచే వ్యవస్థంతా చూపించి, గొట్టాలూ బెల్టులూ మార్పించాం. మిగిలిన 11,470ని ప్రాజెక్టు నిధుల్లోంచి కాక, సాధారణ విరాళాల్లోంచి 'వాహన మరమ్మతు నిధి' పేరుతో వేరే ఖాతాలో వేశాం. ఇద్దరు సంతకాలు పెడితే తప్ప తియ్యటానికి వీల్లేదు. రాత్రి బండి ఆగితే పిలవటానికి ముగ్గురు నమ్మకమైన డ్రైవర్ల నంబర్లు, వాళ్లకివ్వాల్సిన కిరాయికి కొంత నగదు ఎప్పుడూ సిద్ధంగా ఉంచాలని నియమం పెట్టుకున్నాం.

దీన్ని ఇంకో అడుగు ముందుకి తీసుకెళ్లాలని నా ప్రతిపాదన. ఈ సభలో కార్లు, ఆటోలు, స్కూటీలు ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. పన్నెండు మంది నెలకి 500 చొప్పున వేసుకుంటే ఏడాదికి 72,000 అవుతుంది. పన్నెండు బండ్లకీ ఒకే ఏడాది ఇంజను పోదు. పోయిన ఒకరికి వెంటనే వడ్డీలేని అప్పు దొరుకుతుంది. డబ్బు సంఘం దగ్గరుంటుంది కనక ఇంట్లో ఎవరూ సర్దుబాటు అడగలేరు. టైర్లకి, సర్వీసుకి ఇందులోంచి ఇవ్వకూడదు. ఆకస్మికంగా చెడినవాటికే ఇవ్వాలి. మొత్తంలో మూడోవంతు ఎప్పుడూ కదపకూడదు. ఇది బయటివాళ్లకి హామీలమ్మే వ్యాపారం కాదు, సభ్యుల పరస్పర సహాయం. పొదుపు సంఘాల అనుభవం మన దగ్గరుంది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైన మహిళా సంఘాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. బియ్యం కోసం, గేదెల కోసం దాచుకున్నవాళ్లం బండ్ల కోసం దాచుకోలేమా?

ఎవరైనా మీ ముందు వారంటీ కాగితం పెడితే ఆరు ప్రశ్నలు అడగండి. హామీ ఇస్తున్నది కారు కంపెనీయా, మరొకరా? వర్తించని వాటి జాబితా ఏది? ఒక్కో క్లెయిముకి, మొత్తానికి గరిష్ఠ పరిమితి ఎంత? ఎన్ని రోజుల తర్వాత మొదలవుతుంది? నాకు దగ్గర్లో ఏ వర్క్‌షాపులో చేస్తారు, ముందు డబ్బు నేను కట్టాలా? బండి అమ్మేస్తే హామీ కొత్త యజమానికి వెళ్తుందా, లేక మిగిలిన డబ్బు తిరిగొస్తుందా? జవాబులు రాతలో ఇమ్మనండి. ఈరోజే కడితే తగ్గింపు అంటే, రేపు వస్తానని లేచి రండి. ఒక రాత్రి ఆలోచించుకోనివ్వని హామీ మన మేలు కోరేది కాదు.

మన ఉద్యమం ఇంటి నుంచి బయటికి రమ్మని స్త్రీలకి చెబుతూ వచ్చింది. బయటికొచ్చిన మనిషి గమ్యం చేరటానికి బండి కావాలి, బండికి మరమ్మతు కావాలి, మరమ్మతుకి డబ్బూ, తెలివిడీ కావాలి. వీటిని ఎవరో సార్ చూసుకుంటాడని వదిలేస్తే సంచార హక్కు కాగితం మీదే ఉంటుంది. ఈ మధ్యాహ్నం భోజనాల దగ్గర మరమ్మతు నిధి కోసం ఒక నోటు పుస్తకం పెడుతున్నాం. మీ బండి ఏమిటి, ఏ ఏడాదిది, పోయిన సంవత్సరం దేనికెంత అయింది అన్నవి అందులో రాయండి. మన ధరల పట్టిక అక్కడినుంచే మొదలవుతుంది.